నిలువు పలకలు, అడ్డం పలకలు

కోస్తనాయ్ ఎలివేటర్‌లో సెప్టెంబరు ఆఖరి వారం.
గోధుమ లారీల వరస గేటు దాటి
రైలు పట్టాల దాకా పాకింది.
కొత్త తేమ మీటరు మూడు రోజుల కిందట కన్నుమూసింది.
బాగుచేసే మనిషి అస్తానా నుంచి రావాలి, రాలేదు.
అందుకని అక్తోతి అక్క బీరువా మీంచి
తన గురువు చేసిన డబ్బా దించింది:
జానెడు ఘనం, గాజు గోడలు, రెండు తలుపులు,
ఎదురెదురుగా రెండు రాగి పలకలు,
మధ్యలో గోధుమలకి చోటు.
అంతే. మిగతాది లెక్క.

సెయిసెన్‌బెక్ లారీ.
తెల్లారకముందు కోసిన పంట అడుగున,
మంచు ఇంకా గింజనే పట్టుకుని ఉంది.
మధ్యాహ్నం కోసినది పైన, గలగలలాడుతూ.
బొంగులాంటి గొట్టం లోపలికి దింపి
ఒక పూట మొత్తాన్ని నిలువునా పైకి లాగాను.
పొర చెదరకుండా డబ్బాలో పోశాను.
పలకలు కిందా మీదా.

పొడి గింజ మూడు, తడి గింజ ఆరు,
సగం ఇదీ సగం అదీ అనుకుని
కాగితం మీద నాలుగు తేల్చాను.
ముల్లు నాలుగు దాటి నిలబడింది.
"మధ్యలో గీత గీశావే,
మంచు ఏ నిమిషానికి ఆరిందో నువ్వు చూశావా?"
అక్క టీలో పాలు పోసుకుంటూ అడిగింది.

గీత లేదట.
వెంట్రుక మందాన పొరలు కొయ్యాలట,
ఒక్కో మందాన్నీ ఆ పొర ఎప్సిలాన్‌తో భాగించి
పై పలక నుంచి కింది పలక దాకా కూడాలట,
కూడినదాన్ని తలకిందులు చెయ్యాలట.
ఒకటే దారి, అందరూ ఒకరి వెనక ఒకరు.
ఇలాంటి వరసలో పొడివాడిదే పెత్తనం,
వోల్టేజిలో పెద్ద వాటా వాడే లాక్కుంటాడు.
మూడుని రెండు సంవర్గమానంతో భాగించాను.
నాలుగు పాయింట్ మూడు మూడు.
ముల్లు అక్కడే ఉంది, ఎప్పట్నుంచో.

"ఇప్పుడు నిలువుగా చూడు."
నిండు డబ్బాని అలాగే పక్కకి వాల్చాను.
ముల్లు కదల్లేదు. అక్క నవ్వు ఆపుకోలేదు.
పలకలూ పొరలూ కలిసి పొర్లితే
వాటి మధ్య ఏం మారిందని?
ఖాళీ చేసి, పలకలు నిలబెట్టి,
రెండో గొట్టం తెచ్చి పోశాను.
ఇప్పుడు ప్రతి పొరా రెండు పలకల్నీ తాకుతోంది,
ఎవరి దారి వాళ్ళది, పక్కపక్కనే.
తలకిందులు లేవు, ఉన్నదున్నట్టు కూడడమే.
నాలుగున్నర.

సెయిసెన్‌బెక్ తలుపు దగ్గర టోపీ నలుపుతున్నాడు.
తేమ పెరిగితే రేటు కోస్తారు, ఆయనకి తెలుసు.
"పొద్దున్న ఒక మాట, సాయంత్రం ఒక మాట
మనుషులు చెప్తారు. ఇనప్పెట్టె కూడానా?
ఏది నిజం?"
"రెండూ."
"అయితే నాకు చిన్నది రాయి తల్లీ."

అక్క పెన్ను ఎత్తి, దించి,
మళ్ళీ ఎత్తింది.
"అంతా ఒకే తీరు గింజైతే
ఎలా నిలబెట్టినా అంకె ఒకటే రావాలి.
ఇక్కడ రెండొచ్చాయి.
ఆ తేడా నీ మీద నేరం కాదు,
నువ్వు ఏ వేళకి పొలంలో దిగావో చెప్తోంది."

రిజిస్టరులో రెండు అంకెలూ రాసింది.
పక్కన: పై సగం గిడ్డంగికి, పూర్తి రేటు.
అడుగు సగం ఆరబెట్టే గదికి, మళ్ళీ తూయాలి.
ఆయన ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు.
ఏదో గొణిగాడు, పార మాత్రం తీసుకున్నాడు.

చీకటి పడేసరికి మొదటి మంచుపొడి,
లైటు కింద గోధుమ పొట్టుతో కలిసి తిరుగుతోంది.
డబ్బా తుడిచి పెట్టాను.
లోపల ఏమీ లేదు, గాలి తప్ప.
ముల్లు ఒకటి మీద,
ఎటు తిప్పినా.