మట్టి చేసిన తీగలు

నవంబరు మొదటి వారం, హెలాన్ కొండల కింద
మేం తీగల్ని మట్టి చేస్తాం.

కత్తిరించి, వంచి, నేలకు అదిమిపట్టి
పారలతో మన్ను పోస్తాం.
చిటుక్కుమందా, ఆ మొక్క ఏడాది పోయినట్టే.
నా పక్క సాలులో షా చున్‌యెన్
ప్రతి తీగనీ బతిమాలుతూ వంచుతుంది,
మొండికేసిన మేకతో మాట్లాడినట్టు.

కప్పకపోతే చలి మొదలంటా చీల్చేస్తుంది.
ఎక్కడో ఫ్రాన్సు తీగలవి.
నింగ్షియా గాలి వాటికేం తెలుసు?
మాకు మాత్రం ఏం తెలుసు మొదట్లో!
దక్షిణాన ఎండుకొండల వాళ్లం,
లారీల్లో తెచ్చి దించారు,
ఇంటికో నంబరు, మనిషికో పార.

అక్కడ వాననీళ్లు నేలమాళిగలో పోసి
తాళం వేసుకునేవాళ్లం.
చుట్టమొస్తే రొట్టె పెట్టేది అమ్మ,
గిన్నెడు నీళ్లకు మాత్రం చెయ్యాడేది కాదు.
ఇక్కడా మాళిగే.
లోపల పీపాలు. తాళం మేనేజరు దగ్గర.

మా ఇళ్లల్లో తాగరు. తాగకూడదు.
పండు తింటాను, పులిసింది ముట్టను.
వైను చేసే పిల్ల లుయో జింగ్‌వెన్
"వాసనైనా చూడక్కా" అని గ్లాసు పట్టుకొచ్చింది ఒకసారి.
చూశాను.
ఎండాకాలం చివర మాళిగ మూత తీస్తే
అడుగున మిగిలిన నీళ్ల వాసన.
"బావుంది" అన్నాను.

మొన్న సెప్టెంబరులో
రుచి చూసేవాళ్లు విమానాల్లో వచ్చారు.
నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మారు.
"వీళ్లూ తాగరే!" అంది చున్‌యెన్ నా చెవిలో.
"ఉమ్మడానికా ఇంత దూరం?"
టీ కెటిల్ వణికేంత నవ్వొచ్చింది.

ఒక ముసలాయన మాత్రం ఉమ్మలేదు.
చెర్రీ అన్నాడట, తోలు అన్నాడట, తడిసిన రాయి.
ఇంకేదో ఉంది, పేరు దొరకడం లేదన్నాడట.
ఏ ఏటి పంటని అడిగితే జింగ్‌వెన్ చెప్పింది.

ఆ పంటకి ముందు నవంబరులోనే
మా ఆయన్ని మట్టి చేశాం.
తెల్లగుడ్డ, పెట్టె లేదు, పడమటి వైపు ముఖం.
నాలుగోరోజు పనికొచ్చాను.
తొమ్మిదో సాలు మీద ఎంత మన్ను పోశానో
నాకే తెలీదు.
ఏప్రిల్లో తవ్వడానికి రెండింతలు పట్టింది,
చున్‌యెన్ తిట్టిపోసింది.
ఒక్క తీగా చావలేదు.
అన్నీ లేచాయి, పచ్చగా, ఏమీ జరగనట్టు.
దానికే కోపమొచ్చింది నాకు.
ఆ వేసవంతా ఆ సాలుకి
ముఖం చూపించలేదు.

ముసలాయన ఇంకా గ్లాసు తిప్పుతున్నాడు.
నేను టీ పోశాను.

అందరూ వెళ్లాక బకెట్టు కడిగే వంతు నాది.
కాలువ దాకా వెళ్లి, ఆగి, వెనక్కొచ్చి
తొమ్మిదో సాలు మొదట్లో పారబోశాను.
చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.