రాళ్లగుట్ట

వాన రాకడా ప్రాణం పోకడా
ఎవరికీ తెలియవంటారు గానీ,
చెక్కు రాకడ మాత్రం
మా వెస్టర్‌గార్డ్ కౌంటీలో అందరికీ తెలుసు.
అక్టోబరు మొదటి వారం,
బీట్‌దుంపల లారీలు నార్త్ డకోటా రోడ్లన్నీ బురద చేసే రోజుల్లో.
డబ్బు ఇప్పుడు బ్యాంకులోనే పడుతుంది.
అయినా చెక్కనే అంటాం.

నలభై ఏళ్లుగా ఈ కౌంటరు వెనక నేనే.
పొద్దున కఫేలో ప్రభుత్వాన్ని తిట్టిపోసినవాళ్లే
పదింటికి నా ముందు టోపీ తీసి
"మార్లిస్, సంతకం ఎక్కడ?" అంటారు.
ఎవరికెంత వచ్చిందో ఊరంతటికీ తెలుసు.
ఎవరూ పైకి అనరు.
చర్చిలో ఒక బెంచీ ఎడంగా కూర్చుంటారు, అంతే.

లెక్క చెబితే నవ్వుతారు మీరు.
ఈ ఏడు ఏం వేశావని కాదు,
ఎనభైల్లో ఏం వేశావని డబ్బు.
బార్లీ చేలు ఎప్పుడో సోయా అయిపోయాయి,
మా కాగితాల్లో ఇంకా బార్లీయే.
దానికి కోత లేదు, చీడ లేదు,
ధర పడిపోయినప్పుడల్లా పచ్చగా ఊగుతుంది.

మొన్న మంగళవారం గుడ్రున్ ఎంగెన్ వచ్చింది.
చేతిలో చింపని కవరు,
మీద ఆర్విడ్ పేరు.
ఆర్విడ్ మార్చిలో పోయాడు.
నేల మెత్తబడి గొయ్యి తవ్వేసరికి ఏప్రిలయింది.
"ఈసారి ఈయన ఏమీ విత్తలేదు, వెనక్కి తీసుకో" అంది.
"విత్తక్కర్లేదు గుడ్రున్,
ఇది భూమికి గుర్తున్నదానికి."
"దానికేం గుర్తుంది?"

జవాబు దొరక్క పటం తీశాను.
విమానంలోంచి తీసిన ఫొటో, ఎనభై నాలుగు వేసవిది,
నేను ఉద్యోగంలో చేరిన ఏడాది.
గీతలు నా ఎర్ర పెన్సిలువే.
ఆవిడ కళ్లజోడు దింపుకుని
వేలితో పొలాన్ని దున్నుకుంటూ పోయి
ఉత్తరపు గట్టు దగ్గర ఆగింది.
ఒక తెల్ల చుక్క.
"ఇది సోమవారం తీసుంటారు."
"ఎలా తెలుసు?"
"నా దుప్పట్లు.
గాలి బాగుంటుందని చేను అంచునే తీగ కట్టాడు.
బార్లీ నూగు అంటుకునేది.
రాత్రంతా వీపు గీరుకుంటూ
నన్నే తిట్టేవాడు."

చుక్క పక్కన నా చేతిరాత ఉంది:
రాళ్లగుట్ట. తీసివేత, ఎకరంలో పదో వంతు.
అంతకంటే చిన్న అంకె మా ఫారంలో లేదు.
ఆవిడ చదివింది. రెండోసారి చదివింది.
"ఈ నల్లరేగడిలో రాయి ఎక్కడ చూశావే?"

నేను పడమటి రాళ్ల నేలలో పుట్టినదాన్ని,
ఇరవై ఏళ్ల పిల్లని,
తెల్లగా కనిపిస్తే రాయే అనుకున్నాను.
ఆ తర్వాత లెక్క కట్టిన ప్రతిసారీ
వాళ్ల పక్కబట్టలు ఎత్తి
బార్లీలోంచి అవతల పారేశాను.

కాలిక్యులేటరు నొక్కాను.
ఏటా డాలరున్నర,
మొత్తం అరవై, అటూ ఇటూ.
"అరవై డాలర్లకి రెండు దుప్పట్లొస్తాయా ఇప్పుడు?"
అంది గుడ్రున్. నవ్వడం మొదలుపెట్టి
మధ్యలో ఆపేసి
కవరు సంచిలో వేసుకుంది.

సవరణకి ఫారం ఉంది. తేదీ వేశాను,
పొలం నంబరు రాశాను.
కారణం అన్న గడి దగ్గర
పెన్ను ఇంకా ఎత్తే ఉంది.
వెనకాల డెట్లెఫ్ రైసర్
టోపీ తీసి నిలబడ్డాడు.