సెలవు చీటీలో ఒక గడి

బద్వేలు డిపోలో మధ్యాహ్నం రెండు గంటలకు
పాత వే బిల్లు వెనక్కి తిప్పి
లంకమలను గీస్తాండాం ముగ్గురం.
పెన్సిలు ఖాసింబీది. చెయ్యి నాది.
తప్పులు పట్టేది ఓబులమ్మ:
"కొండ అంత సన్నగా ఉండదు మే,
కిటికీలోంచి దాటిపోవడానికి
ఇరవై నిమిషాలు పడతాది."

పన్నెండేళ్ళుగా ఈ అడవి నాకు
టికెట్ ధరల్లోనే తెలుసు.
అట్లూరుకు ఇంత, సిద్దవటానికి ఇంత.
నడుమ ఎవరూ దిగని చోటుకు
స్టేజీ లేదు, ధర లేదు.
డ్రైవరు అక్కడ ఎందుకో హారన్ కొట్టడు.

పోయిన చలికాలం, మెడలో దుర్భిణీ ఏసుకున్న పిల్లోడొకడు
చిల్లర తీసుకుంటా చెప్పినాడు:
కలివికోడి అని ఒక పిట్ట ఉందక్కా,
లోకం మొత్తం మీద
మీ బస్సు పోయే దారి పక్కనే.
నాలుగు రోజులకు మళ్ళీ నా బస్సే ఎక్కినాడు,
చొక్కా నిండా కంప గీతలు.
"కనపడిందా?"
"లేదక్కా" అన్నాడు,
పోగొట్టుకున్నోడి మాదిరి కాదు,
దాచుకున్నోడి మాదిరి.

అప్పటినుంచి నాకు ఆ చోట దిగాలని.

నీళ్ళ బాటిళ్ళు ఆరు.
జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఖాసింబీ తెస్తాది.
చెప్పులు కాదు, బూట్లు. ఓబులమ్మకు కొడుకువి సరిపోతాయి.
ఎర్రగడ్డ కోసుకోను చిన్న కత్తి అనంగానే
ఫోన్లో వాచర్ పెంచలయ్య అరిచినాడు:
"కత్తీ గిత్తీ వద్దమ్మా తల్లీ!
ఎర్రచందనం దొంగల లెక్కలో పోతారు.
అనుమతి కాయితం మీద ముగ్గురి ఆధార్లూ ఉండాల.
ఎర్రగడ్డ పిడికిలితో గుద్దుకోని తినండి."

నవ్వినాం. నవ్వు ఆగినాక నేనే అడిగినా,
"పిట్ట కనపడతాదా పెంచలయ్యా?"

కొంచేపు ఫోన్లో గాలి ఒకటే.
"నేను పన్లో చేరినకాడినుంచి సూడలేదమ్మా.
దావల్లో ఇసక పరిచింటాం.
తెల్లారి పోయి అడుగులు సదువుతాం.
కౌజుది ఉంటాది, కుందేలుది, నక్కది.
వెనక ఏలు లేని మూడేళ్ళ అడుగు
ఒక్కటి పడితే సాలని.
రాత్రి తిరిగే పిట్ట అది.
రెండక్షరాల్లో పిలుస్తాదంట."

పెన్సిలు బల్ల మీద పెట్టింది ఖాసింబీ.
లేని పిట్ట కోసం మూడు సెలవులు వృథా అని
ఆమె అనలేదు, నేను విన్నా.

అప్పుడు ఓబులమ్మ, టీ గ్లాసు అడుగులోకి చూస్తా:
"ఒకసారి ఆఖరి ట్రిప్పులో పంచరైంది ఆడ.
ఇంజను ఆపినాక
రెండక్షరాలు ఇనపడినాయి.
చీకటి అట్ల అరుస్తాదేమో అనుకున్నా."
"మరి ఎవురికీ చెప్పలేదే?"
"ఎవురికి చెప్పాల?
వే బిల్లులో దానికి గడి లేదు కదా."

పెన్సిలు మళ్ళీ తీసుకున్నాం.
ఆమె వేలు పెట్టిన కాడ
కొండ పక్కన ఒక చుక్క.

ఇంక సెలవు చీటీలు.
కారణం అని ఒక గడి ఉంటాది.
ఇన్నేళ్ళలో దాంట్లో నేను రాసినవి:
జ్వరం. ఆడబిడ్డ పెళ్ళి. మామ దినాలు.
పాప పరీక్ష. మళ్ళీ జ్వరం.
నాకోసం రాసింది జ్వరమొకటే,
అదీ రెండోసారిది అబద్ధం.

ముగ్గురికీ ఒకే దినం ఏం ముంచుకొచ్చిందని
మేనేజరు అడుగుతాడు.
ఖాసింబీ "ఒంట్లో బాగలేదు" రాసి, కొట్టేసి,
ఆ కొట్టేసిన దాని మీద ఊదింది, ఎందుకో.
ఓబులమ్మ సంతకం మాత్రం పెట్టి ఇచ్చింది.
నేను రాసినా,
"ఇసక మీద అడుగులు చదవను."
చదివి గుమాస్తా తల ఎత్తినాడు.
రెండుసార్లు చూసి, ముద్ర కొట్టినాడు.
మంజూరుదా, అందినట్టుదా,
మసి ఎక్కువై తెలీలేదు.

ఆదివారం మొదటి ట్రిప్పు.
డ్యూటీలో కొత్తగా చేరిన పిల్లోడు.
పాసులున్నా సరే, టికెట్టు కొట్టించుకుందామని ఖాసింబీ పంతం.
మిషను చేతిలో పట్టుకోని
యాడికక్కా అంటాడు కదా,

ఏ స్టేజీ చెప్పాలో
ఇంకా తెగలేదు మాకు.