ఆటోల చెప్పని లెక్క

నీలవేణీ,
నిన్న నల్లగొండ గడియారం కాడ
షేర్ ఆటో ఎక్కంగనే అడిగినవు
జీతం ఎంతక్కా అని.
డ్రైవర్ సైదులు సుత అద్దం సర్దుకొని
చెవి ఇటేసిండు.
నలుగుర్ల చెప్పే లెక్క కాదని ఊకున్న.
ఇప్పుడు చెప్త, విను.

మొదటి నెల పదమూడు వేల ఏడొందలు.
పీఎఫ్ పోంగ, ఎల్బీనగర్ హాస్టల్ల
కిటికీ లేని దిక్కు మంచం పోంగ
మిగిలినదాంతోటి అమ్మకు మిక్సీ కొన్న,
అది సుత మూడు కిస్తీలల్ల.
అంతకు ముందటి లెక్క ఎవ్వరడుగరు:
అమీర్‌పేటల ఫీజు నలభై వేలు,
కుదువ పెట్టిన కమ్మలు,
రెండొందల ఆరు ఎముకల పేర్లు
బస్సుల నిలబడి బట్టీ పట్టుడు.

పనేందంటవా?
ఎన్నడు చూడని ఊర్ల ఎవరో పడ్తరు.
ఎట్ల పడ్డరో డాక్టరు రాస్తడు,
నేను దాన్ని అక్షరం, అంకె జేసి పంపుత.
నిచ్చెన మీదికెల్లి పడితె ఒక కోడు,
మంచం మీదికెల్లి పడితె ఇంకోటి.
చిలుక కరిస్తె ఒకటి, బాతు కరిస్తె ఒకటి.
నవ్వకు, నిజంగనే ఉన్నయి.
మొదటిసారి వచ్చిండా, మళ్లొచ్చిండా
ఆఖరి అక్షరం చెప్తది.
దెబ్బ మానినంక సుత మిగిలే నొప్పికి
వేరే అక్షరం.

గంటకు పన్నెండు చార్టులు.
నూటికి తొంభై ఐదు తప్పు లేకుండ.
తొంభై నాలుగైతె ఆ నెల ఇన్సెంటివ్
లేనట్టే.

రెండోసారికి సర్టిఫికెట్ పాసైన.
పేరెనుక మూడు అక్షరాలొచ్చినయి,
జీతం ముప్పై ఒక వెయ్యి అయ్యింది.
ఇప్పుడు పానగల్లు రోడ్డుల మేడ మీది రూము,
కంపెనీ లాప్‌టాప్, నా పైసల ఇన్వర్టర్.
కరెంటు పోతె గుండె దడ,
దానికి సుత కోడుంది గని ఎవరు రాస్తరు?

ఒకనాడు ఒక చార్టొచ్చింది.
టెక్సాస్ ముసలామె. ఇరవై ఏండ్లు
కడివెడు కడివెడు చిక్కటి చాయ తాగిందట,
ఎముకలల్ల ఫ్లోరైడు పేరుకపోయింది.
ఎం ఎనభై ఐదు పాయింటు ఒకటి.
నాలుగేండ్లల్ల మొదటిసారి కొట్టిన ఆ కోడు.
ఆడిటర్ వాపస్ పంపిండు:
అరుదైన కోడు, ఆధారం చూపు.

అరుదైందట.
మా అమ్మమ్మోళ్ల ఊరు మర్రిగూడ దిక్కు.
ఈదమ్మ పెద్దమ్మ మెడ తిప్పాల్నంటె
మనిషంత తిరిగేది.
పిల్లలం పిలిస్తె ముందుగాల
మా కాళ్లు చూసి గుర్తుపట్టేది.
"నీవు కమలమ్మ బిడ్డవు గదా,
చిటికెన వేలు వంకర" అనేది.
బోరు నీళ్లు మంచిగ తియ్యగ ఉండెనని
ఆఖరుదాక అన్నది.
ఆమె పేరు మీద ఒక్క చార్టు లేదు.
పింఛను పుస్తకం ఒకటి,
దాంట్ల వేలిముద్రలు.

అమీర్‌పేటల మొదటి రోజు
సారు బోర్డు మీద రాసిన ముచ్చట యాదికొచ్చింది:
రాయనిది జరగనట్టే.
అప్పుడు నోట్‌బుక్కుల దించుకొని
కింద రెండు గీతలు గీసిన.

డాక్టరు రాసిన లైను పసుపు రంగు జేసి
వాపస్ పంపిన. ఓకే అన్నడు.
ఆ చార్టుకు ఐదు నిమిషాలియ్యాలె,
నాకు పదిహేడు పట్టింది.

ఇంకోటి సుత చెప్పాలె, దాచొద్దు.
ఇప్పుడు మిషినే ముందుగాల చదువుతుంది.
దాని తప్పులు మేం దిద్దుతం.
పన్నెండు చార్టులు ఇరవై అయినయి,
మా టీముల పద్దెనిమిది మంది
పదకొండు అయినరు.
నాకు వచ్చే ఏడు ఏమైతదో తెల్వది.
చేరకు అంటలేను. చేరు అని
ఒట్టేసి సుత అంటలేను.

ఆదివారం రా, పుస్తకం ఇస్త.
రెండేండ్ల కిందిది, ఉద్యోగానికి పనికిరాదు,
నేర్చుకునేటందుకు చాలు.
పెన్సిలు గీతలు చెరుపుకో.
ఒక పేజీ మడిచి ఉంటది, దాన్ని అట్లనే ఉంచు.

మళ్ల సైదులు ఆటో ఎక్కితె
ఈ లెక్కంత ఆయనకు సుత చెప్పు.
ఆయన బిడ్డ బీజెడ్‌సీ
ఆఖరి ఏడు.