గుసగుసకి ఒక గోడ

స్తంభాలు లేచాయి, రేకుల కప్పు పడింది.
లోపలి గోడలే ఇంకా లేవు.
డబ్బాడు సున్నప్పొడి, ఒక పురికొస ఉండ,
గుప్పెడు మేకులు.
ఈ ఆదివారానికి మా ఇల్లు ఇంతే.

కుతాయిసి ఊరికి అవతల, రియోని ఏటి గాలి
గది అనుకున్న ప్రతిచోటికీ
అడక్కుండానే వచ్చి పోతోంది.

మా అమ్మ లమ్జీరా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని
చేతికర్రతో ఏలుతోంది:
"ఇక్కడ వంటిల్లు. దానికి గట్టి గోడ.
వచ్చిన చుట్టానికి మన మాడిన గిన్నె కనపడకూడదు.
ఇక్కడ విందు గది, ఇరవైమందికి బల్ల.
అద్దాల బీరువా ఈ మూల."

ఆ బీరువాలో కప్పులు నా పెళ్ళికొకసారి తీశారు,
మా నాన్న పోయినరోజు ఒకసారి.

నేను సున్నం పోస్తూ వెళ్తున్నాను.
రాయి మీద రాయి పేర్చడం నా బతుకుతెరువు.
ముప్ఫై ఇళ్ళకి గోడలు కట్టాను,
గోడ ఏం చేస్తుందని ఏనాడూ అడగలేదు.
పెరట్లో వైను జాడీలు పాతే గొయ్యికి మాత్రం
ఏ తగువూ రాలేదు.

తెక్లె చూస్తోంది.
తొమ్మిదేళ్ళు దానికి. పుట్టినప్పటినుంచీ
చప్పుడంటే అరికాలికి తగిలేదే.
లారీ పోతే నేల చెబుతుంది,
అన్నానికి పిలవాలంటే దీపం ఆర్పి వెలిగిస్తాం.

వచ్చి వంటింటి గీతకి ఇవతల నిలబడింది.
అవతల నా భార్య ఎతేరి ఉల్లిపాయల బుట్ట దించుతోంది.
తెక్లె నా వైపు తిరిగి
చేతులతో అంది:
"ఈ గీత పైకి లేస్తే
అమ్మ మూగదైపోతుంది."

డబ్బా కింద పెట్టాను.
చెప్పుతో గీత చెరిపాను.

ఇక అక్కణ్ణుంచి చెరపడమే.
మెట్లు మూల తిరగకూడదు,
ఎదురొచ్చే మనిషి ముందే కనబడాలి.
నేలకి సిమెంటు వద్దు, చెక్క పరవాలి,
వెనక నడిచే అడుగు కాలికి అందేట్టు.
పొడుగు బల్ల పోయి గుండ్రటి బల్ల వచ్చింది.
కిటికీకి వీపు పెట్టి ఎవరూ కూర్చోకూడదు,
వెలుగు వెనకుంటే మాట మసిబారుతుందట.

"మరి నా బీరువా?" అంది అమ్మ.
ఎవరం పలకలేదు.
ఆనుకోడానికి ఒక్క గోడా మిగల్లేదు దానికి.

అమ్మ లేచింది. మడమలకి సున్నం అంటుకుంటుండగా
ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది.
"ఇది ఇల్లా, రైల్వే ప్లాట్‌ఫారమా?
మనిషి ఏడవాలంటే ఎక్కడికి పోవాలి జుంబెర్?"

ఆ మాట తెక్లెకి చేతులతో అప్పజెప్పాను.
సగం మింగేద్దామనుకున్నాను గానీ
నా ముఖం మింగనివ్వలేదు.

చాలాసేపు బుగ్గ కొరుక్కుంటూ నిలబడింది.
తర్వాత పురికొస తీసుకుని
మల్బరీ చెట్టు వైపు మూలన
నాలుగు మేకులు తనే దిగ్గొట్టింది.
ఒక మంచం, ఒక స్టూలు పట్టేంత చోటు.
"ఇక్కడ గోడలు. నాలుగువైపులా.
తలుపుకి లోపలివైపు గడియ."

నానమ్మకా? అన్నాను.
"నాకు కూడా.
మీరైతే గొంతు తగ్గిస్తారు.
నా చేతుల్ని నేనెంత తగ్గించుకోను?
దూరం నుంచి కూడా చదివేస్తారు మీరు.
బార్బరె వచ్చినప్పుడు
మేం గుసగుసలాడుకోడానికి
ఒక గోడ కావాలి."

అమ్మకి చేతుల భాష అరకొరగానే వచ్చు.
ఏం అర్థమైందో ఏమో,
పురికొస ఎత్తి వంగి లోపలికి దూరింది,
వెనక్కి తిరిగి, గాలిలో
గడియ పెట్టుకుంది.

తెక్లె వెంటనే అటువైపు తిరిగిపోయింది,
మూసిన తలుపు ముందు
మర్యాద తెలిసినవాళ్ళు నిలబడ్డట్టు.

కొంతసేపయ్యాక
లేని గోడ వెనకనుంచి అమ్మ గొంతు, కాస్త బొంగురుగా:
"దీనికి బయటివైపు బీరువా పడుతుంది.
టేపు తెచ్చి కొలిచి చూడు."