పది పక్కన సున్నా

శ్రావణంలో ముహూర్తాలెక్కువ, తడీ ఎక్కువే.
ముమ్మిడివరం అవతల ఓ పెళ్ళిలో
పందిరి పట్టా మీద వాన కొడుతుంటే
సువార్తయ్య మాస్టారి క్లారినెట్టు
పల్లవి మధ్యలో గుర్రుమంది,
కఫం అడ్డుపడ్డ ముసలి గొంతులా.
పెళ్ళికొడుకు వైపువాళ్ళు నవ్వారు.
డ్రమ్ములు ఆగలేదు.
తాళాలు కొట్టే కుర్రాణ్ణి నేను,
ఆ గుర్రు సంగతి నాకు తెలుసు:
ఊపిరి చల్లటి కర్రకి తగిలి నీరవుతుంది,
నీరు పల్లమెరుగు,
ఏదో ఒక చిల్లు చూసుకుని కూర్చుంటుంది.

ఆయన పెట్టెలో
వాళ్ళావిడ పాత పట్టు జాకెట్టు ముక్క,
దానికో పురికొస,
పురికొస చివర వలకి కట్టే సీసం గుండు.
ఊరేగింపు అయ్యాక
గంట వైపు నుంచి గుండు జారవిడిచేవాడు.
టకటకా దిగేది చీకట్లోకి.
వెనకాలే గుడ్డ, నెమ్మదిగా, బరువెక్కుతూ.
పిండితే నాలుగు చుక్కలు.
"మూడు గంటలు వాయిస్తే ఇంతేనా మాస్టారూ?"
"ఇంతేరా. మిగతాది విన్నోళ్ళు పట్టుకుపోయారు."

మీటల కింద మెత్తలున్నాయే, వాటి దగ్గరికి గుడ్డ వెళ్ళదు.
తడిస్తే బెల్లం అద్దినట్టు అంటుకుంటాయి,
వేలు లేచినా మీట లేవదు.
సిగరెట్టు కాగితం పెట్టాలట.
ఆయన సంఘపెద్ద, సిగరెట్లు కొనడు.
ఎవరో తాగి జేబులో కుక్కిన పది నోటు తీసి
మడిచి, మెత్త కింద దూర్చి,
పదిదాకా లెక్కపెట్టి లాగేవాడు.
నోటు మీద చిటికెనవేలి గోరంత తడి గుండ్రం,
సరిగ్గా పది పక్కన.
"చూడ్రా, వందయ్యింది."

ఆరేలోపు టీ కొట్టుకి పరిగెత్తేవాణ్ణి.
"దీంతో ఏరు గానీ ఈదారా?" అనేది సత్తెమ్మ,
పదికి పది లెక్కే కట్టి.
మెత్త తోలు రంగు దిగిన ఆ మచ్చ ఆరినా పోయేది కాదు.

ఆయన పోయి ఆరేళ్ళు.
వ్యానులో ఇప్పుడు కీబోర్డు,
దానికి ప్లాస్టిక్ కవరు చాలు.
క్లారినెట్టు నా దగ్గరుంది,
పిలిస్తే వెళ్తాను, పిలిచేవాళ్ళు తక్కువ.

నిన్న రావులపాలెం బస్సులో
కండక్టరిచ్చిన చిల్లరలో ఓ నోటు,
పది పక్కన గోధుమరంగు సున్నా.
ఆయనదో, లంకల్లో ఇంకెవరి వాయిద్యానిదో,
పులుసు చుక్కో ఏమో.
వాసన చూశాను. నోటు వాసనే.

కిటికీలోంచి జల్లు.
ఒళ్ళో పెట్టె తెరిచి
అంటుకున్న మీట కింద నోటు దూర్చాను.
ఒకటి, రెండు, మూడు,
నాలుగు,
బస్సు గతుకులో పడింది, లెక్క తప్పింది.
మళ్ళీ ఒకటి.