చప్పుడు వెనక వస్తుంది

థాడియస్ క్రూ చెప్పుల డబ్బాలో తెచ్చాడు టేపుని.
పైన నీలం సిరాతో: వెర్లీన్ చెల్లెలి పెళ్లి.
అది కొట్టేసి, కింద పెన్సిల్‌తో ఓ జనవరి తేదీ.

ఫ్లోరిడాలో, నది ఒడ్డున, మా ఊరి లైబ్రరీలో
పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని.
పుట్టినరోజులు, తుపాన్లు, పడవలో ఎగిరిపడే చేపలు.
ఏడాదికి రెండో మూడో ఇలాంటివీ వస్తాయి.
వీటిని తెచ్చినవాళ్లు
కుర్చీలో వెనక్కి ఆనుకోరు.

ఎనభై దాటిన నారింజ తోటల రైతు.
నేనేమీ అడగకుండానే అన్నాడు:
"మేమెవరం చప్పట్లు కొట్టలేదు.
చూడగానే తెలిసిపోయింది అందరికీ.
ఒడ్డంతా చర్చిలా అయిపోయింది."

మీట నొక్కాను.
గీతలు. తర్వాత చలి.
రాత్రంతా చెట్ల మీద నీళ్లు చల్లారట
కాయ చచ్చిపోకుండా.
మంచు తొడిగి మంచుని ఆపడం.
తెర మీద ఒక కొమ్మ, గాజులో ఇరుక్కున్న నారింజలు.
అలవాటు లేని చెయ్యి కెమెరాని నది మీదికి తిప్పింది.

అవతలి గట్టున వెలుగు లేచింది.
చప్పుడు లేదు.
పన్నెండు మైళ్ల నీళ్లు దాటి రావాలి కదా అది,
నిమిషం పడుతుంది.
అది వచ్చేసరికి
చూస్తున్నది ఇంకెక్కడో ఉంటుంది.

వచ్చింది. కెమెరా వణికింది.
ఎవరి పిల్లో "పో, పో, పో" అంటోంది
దూడని తోలినట్టు.

అప్పుడు తెల్ల గీత కొస ఉబ్బింది.
రెండు కొమ్ములు వేసింది.

చప్పట్లు.

తెరిపి లేని చప్పట్లు. ఈలలు. ఒక కారు హారన్.
"రెండయింది! నాన్నా, రెండయింది!"
గాలి ఇంకా గర్జిస్తూనే ఉంది,
నేల విడిచిన తొలి క్షణాల గర్జన, నిండు ఆరోగ్యంతో.
కంటికి అయిపోయింది.
చెవిలో ఇంకా ఎక్కుతూనే ఉంది,
ఏడుగురితో.

థాడియస్ తన అరచేతులు చూసుకున్నాడు.
"ఈ చప్పుడు తీసెయ్యగలవా అమ్మా?"

తీసెయ్యగలను. ఒక గీతని కిందికి లాగితే చాలు.
అబద్ధమాడలేదు ఆయన.
ఇన్నేళ్ల రాత్రుల్లో ఒక్కొక్క చెయ్యే పట్టుకుని
ఆపుకుంటూ వచ్చాడు, అంతే.
మా వీధిలో ఇమోజీన్ తన కిటికీ అద్దం పగిలిందంటుంది,
ఆ వారమంతా ఆమె జార్జియాలో ఉంది.
నేనప్పటికి పుట్టనే లేదు,
నా కలలోకీ వస్తాయి ఆ కొమ్ములు.

గీతని పట్టుకున్నాను.
చప్పట్ల అడుగున, కెమెరాకి బాగా దగ్గరగా, ఓ ఆడగొంతు:
"గ్లౌజులేవి థాడ్? వేళ్లు నీలమైపోతున్నాయి."

ముసలాయన చెయ్యి గాల్లో ఆగింది.
వెనక్కి తిప్పమన్నాడు.
ఇంకోసారి. ఇంకోసారి.
మూడుసార్లు ఆకాశం అతుక్కుంది,
మూడుసార్లు చీలింది.
ఆయన తెర వైపు చూడలేదు.
స్పీకరుకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

తర్వాతిది ఎవరూ చూడరు మామూలుగా.
కెమెరా ఆపడం మరిచిపోయి వేలాడేసుకున్నాడు.
గడ్డి. బూట్లు. కాళ్ల కింద మంచు కరకర.
ఎక్కడో కారు రేడియో స్టేషన్లు మారుతోంది.
అప్పుడు చేరింది అసలు చప్పుడు,
పై వాటాలో ఎవరో తలుపు వేసినట్టు.
ఒక్క బూటూ ఆగలేదు.

ఒక కుదుపు.
టేపు అడుగున మిగిలిన పెళ్లి పైకి తేలింది.
మూడంతస్తుల కేకు, కత్తి మీద రెండు చేతులు,
పెళ్లికూతురి ముక్కు మీద క్రీము.

చప్పట్లు.

ఏవి తీసెయ్యమన్నాడో
ఇక నేనడగలేదు.